చర్చయందు మర్యాద : భాషావివాదము నేర్పు పాఠము

విమర్శకులు కావ్యములను పరిశీలింతురు, నాటకములను పరిశీలింతురు. తెలుగువారు ఒకరితో నొకరు వాదించుచు వ్రాసిన పుస్తకములను, పత్రికావ్యాసములను, విజ్ఞాపనపత్రములను సాహిత్యముగా నెంచి వాని గుణదోషములను తూచి చూచువారు మాత్రము అరుదు. అయినను గడచిన నూటయేబది సంవత్సరములలో తెలుగు వచనమునకు బలము గూర్చినవానిలో వాదరచన యొకటి. అది మన సాహిత్యమున నొక భాగమే గనుక విమర్శకు లోబడవలసినదే. ఏ వాదమున ఎవరి పక్షము గెలిచినదని నేనిచట విచారింపను. వాదించినవారు ఎదుటివాని మాటను ఎట్లు గ్రహించిరి, దానిని ఎట్లు తిరిగి చెప్పిరి, ఎవరినుద్దేశించి వ్రాసిరి అను మూడు ప్రశ్నలను మాత్రమే వేసికొందును. ఇవి పాతసంగతులని పాఠకమహాశయులు తలంపవలదు. నలుగురు గూడి మాటలాడుకొను ప్రతిచోటను ఈ ప్రశ్నలు కలవు. మనవలె అన్యభాషాప్రాంతమున నివసించు కొద్దిమంది నడుమ వీనికి గల ప్రాముఖ్యము మరింత యెక్కువ.

'మర్యాద' యను పదమునకు సంస్కృతమున ఎల్ల, హద్దు అను నర్థము కలదు. మన్నన, గౌరవము అను నర్థము తెలుగునను కన్నడమునను వాడుకలో బలపడినది. బేతమంగళమువారికి ఈ రెండర్థముల పొత్తును విడమరచి చెప్పనక్కరలేదు. పాలారునకు కట్ట వేసినందువలననే గదా మన చెరువు చెరువైనది. ఆ నీరే గొట్టముల వెంట కోలారు బంగారుగనులకు పోయి అచటి ప్రజల దప్పి తీర్చినది. కట్ట నీటికి శత్రువు కాదు. మర్యాదయు వాదమునకు శత్రువు కాదు. మర్యాద యనగా మెత్తగా మాటలాడుటయనియు, భిన్నాభిప్రాయమును మ్రింగివేయుటయనియు కొందరనుకొందురు. అది సరికాదు. కట్ట లేని నీరు పల్లమునకు పారిపోయి ఎవరి పొలమునకును అందదు. హద్దు లేని వాదమును అట్టిదే.

మన పూర్వులు ఈ సంగతిని బాగుగ నెరిగియుండిరి. గౌతముని న్యాయసూత్రములు చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించినవి. ఉభయులును తత్త్వమును తెలిసికొనగోరి ప్రమాణములతో, తర్కముతో సాగించునది వాదము. గెలుపే ప్రయోజనముగా ఛలమును, దుష్టోత్తరములను గూడ వాడుకొనునది జల్పము. తన పక్షమును నిలుపు పూచీ లేకయే ఎదుటివాని పక్షమును పడగొట్టుటే పనిగా గలది వితండ. ఛలమునకు శాస్త్రకారులు చెప్పు ఉదాహరణము ప్రసిద్ధము. ఒకడు 'ఇతడు నవకంబళుడు' అనును. క్రొత్త కంబళి గలవాడని వాని భావము. ఎదుటివాడు 'నవ' శబ్దమునకు తొమ్మిది యను నర్థమును పట్టుకొని, 'ఒక్కటియే యున్నది, తొమ్మిది కంబళ్లెక్కడివి?' యనును. పలికినవాని భావము తెలిసియు తెలియనట్లు నటించుటయే ఇందలి దోషము. నేటి సభలలోను లేఖలలోను మనము చూచు తగవులలో సగము ఈ కంబళి తగవులే. ఈ దోషమునకు విరుగుడుగా మన శాస్త్రగ్రంథములు పూర్వపక్షమును ముందు నిలిపి, పిదప సిద్ధాంతమును చెప్పుచుండెను. పూర్వపక్షమును బలహీనముగా చెప్పినవాని సిద్ధాంతమును విజ్ఞులు నమ్మరు. ఈ కొలతతో మన వాదరచనను చూతము.

కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 1871లో 'ఆంధ్రభాషాసంజీవని'ని, కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించిరి. స్త్రీవిద్య మొదలగు విషయములలో ఇరువురకును పొసగలేదు. వాదము ముదిరి వేంకటరత్నముగారు 'హాస్యవర్ధని'ని వెలువరింపగా, వీరేశలింగముగారు 'హాస్యసంజీవని'ని వెలువరించిరి. ఆ పేర్లను గమనింపుడు. ఎదుటివాని పత్రిక పేరులో సగమును తీసికొని దానికి హాస్యమును తగిలించుటయే ఇరువురును చేసిన పని. దీనివలన తెలుగునకు లాభము కలుగలేదని చెప్పజాలము; వీరేశలింగముగారి ప్రహసనములకు హాస్యసంజీవని నెలవైనది. కాని స్త్రీవిద్యను గూర్చి ఒకరి శంక యేమో, దానికి రెండవవారి సమాధానమేమో పరిహాసము వలన తేటపడునది కాదు. పరిహాసము తనవారిని నవ్వించును, అవతలివారిని కదలింపదు. సాహిత్యమునకు లాభమైనది చర్చకు లాభమగునని నియమము లేదు.

ఇంతకంటె పెద్ద రంగము 1911 తరువాత ఏర్పడినది. ఆ సంవత్సరము చెన్నపురిలో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపితమైనది. విద్యార్థులు వ్రాయు తెలుగు గ్రాంథికముననే యుండవలెనా, శిష్టుల వాడుకభాషయు చెల్లునా యనునది వివాదాంశము. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వ్యావహారికపక్షమునకు నాయకులు. ఇరువురును పండితులే, ఇరువురును శాసనములను చదివి శ్రమించినవారే. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమును గూర్చిన విజ్ఞాపనమును, రామయ్యగారు గ్రాంథికాంధ్రమును సమర్థించు గ్రంథమును ప్రకటించిరి. రెండును ఆంగ్లభాషలో వ్రాయబడినవి.

తెలుగును ఎట్లు వ్రాయవలెనను విషయమై ఇరువురు తెలుగువారు ఆంగ్లమున వాదించిరన్న నేటివారికి వింతగా దోచును. కారణము స్పష్టమే. తీర్పు చెప్పవలసినది దొరతనము, విశ్వవిద్యాలయము. కావున ఒకరికొకరు చెప్పుకొనవలసిన మాటను ఇరువురును మూడవవానికి చెప్పిరి. ఎదుటివాడు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను ఒకటే. అధికారి ఒప్పుకొన్న చాలును. ఈ యేర్పాటులో ఎదుటివానిని ఒప్పించు శ్రమకు ఫలము లేదు, వానిని అజ్ఞానిగా చూపు నేర్పునకు ఫలము కలదు. ఆ మహనీయుల గుణదోషములకంటె ఆ యేర్పాటు దోషమే పెద్దదని నా యభిప్రాయము. ఇరువురు వాదించుకొనుచుండగా మూడవవాడు చూచుచున్నచో, వాదించువారి చూపు తెలియకయే వానివైపు తిరుగును. చర్చయందలి అమర్యాదకు మూలము కోపమని సాధారణముగా చెప్పుదురు. ప్రేక్షకుల మెప్పుపై ఆశ అంతకంటె లోతైన మూలము.

రామమూర్తి పంతులుగారు 1933లో ప్రకటించిన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' ఈ దృష్టితో చదువదగిన గ్రంథము. అందు ఆయన చేసినదేమి? వాడుకభాషను నిరసించిన పండితుల రచనలనే తీసికొని, వారు తాము విధించిన నియమములను తామే ఎట్లు తప్పిరో ప్రయోగములెత్తి చూపెను. ఇది వాదమున ఉత్తమమైన పద్ధతి. ఎదుటివాని మాటను తన మాటగా మార్చలేదు. వాని వాక్యమునే వాని ముందు పెట్టినాడు. చదువరి తానే సరిచూచుకొనవచ్చును. తెలుగు వాదరచనలో ప్రమాణములను చూపుటయందు ఇంతటి శ్రద్ధ అరుదు.

కాని ఆ గ్రంథనామము వేరొక పని చేయుచున్నది. భిషక్కనగా వైద్యుడు, భేషజమనగా ఔషధము. తెలుగు వాడుకలో భేషజమునకు లేని గొప్పను చూపుకొను డంబమను నర్థము కలదు. భాషకు వైద్యము చేయవచ్చినవారి మందు వట్టి డంబమే యని ఆ శ్లేష ధ్వనింపజేయును. శ్లేషగా అది చక్కనిది. అయినను ఎవరి తప్పులను చూపుటకు ఆ గ్రంథము పుట్టినదో ఆ పండితుడు అట్టపైనే అవమానితుడై, లోపలి ప్రమాణములను చదువకయే పుస్తకమును మూయుటకు ఒక సాకు దొరకించుకొనును. లోపలిది వాదము, పైనున్నది జల్పము. అదివరకే తిరుపతి వేంకటకవులకును వేంకటరామకృష్ణకవులకును జరిగిన వివాదమున 'శతఘ్ని' యను పేరుతో నొక గ్రంథము వెలువడినది. నూరుగురను చంపు ఆయుధము పేరు పెట్టిన పుస్తకమును ఎదుటివాడు శాంతముగా చదువునని ఆశింపగలమా? చర్చయందు శీర్షిక యనునది తలుపువంటిది. లోనికి పిలువదలచినవాడు తలుపును మూసిపెట్టడు.

ఇదే వివాదమున వేరొక తీరు రచనయు కలదు. తెలుగు వ్యాసరచనను గూర్చి మద్రాసు విశ్వవిద్యాలయము నియమించిన ఉపసంఘమున గురజాడ వేంకట అప్పారావుగారు సభ్యులు. అధికసంఖ్యాకుల నివేదికతో ఏకీభవింపనందున ఆయన 1914లో తన అసమ్మతిపత్రమును సమర్పించెను. అందు పదునైన మాటలు లేకపోలేదు. అయినను ఆ రచనకు గల మర్యాద దాని స్థానములోనే యున్నది. ఆయన సంఘమును వదలి బయట కేకలు వేయలేదు. సంఘములోనే యుండి, అధికసంఖ్యాకుల నివేదికతోపాటు నిలుచునట్లుగా, తన కారణములను సవిస్తరముగా వ్రాసి యిచ్చెను. భావితరములవారు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుకొనవచ్చును. ఆయన 1915లో మరణించెను. నాడు ఆ పత్రము గెలువలేదు, నేటికిని చదువబడుచున్నది. ఓడిపోయిన పక్షముయొక్క మాటను చెరపక నిలుపుట సభకు మర్యాద. చెదరక చెప్పుట అసమ్మతునికి మర్యాద.

అభిప్రాయమును మార్చుకొనుట చర్చయందు కడపటిదియు మిక్కిలి కష్టమైనదియునగు మర్యాద. ప్రహసనములలో వాడుకమాటలను వాడినను జీవితమంతయు గ్రాంథికవచనమును తీర్చిదిద్దిన వీరేశలింగముగారు, 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తక సమాజము ఏర్పడినపుడు దాని అధ్యక్షతను స్వీకరించిరి. ఆ సంవత్సరము మే నెలలోనే ఆయన పరమపదించిరి. పర్లాకిమిడిలో రామమూర్తిగారి శిష్యుడైన తాపీ ధర్మారావుగారు మొదట గురువుగారి పక్షమును కాదని గ్రాంథికమును సమర్థించి, పిమ్మట వాడుకభాషవైపు మొగ్గి పత్రికారచనయందు దానిని చక్కగా నడపిరి. పక్షము మార్చినవానిని మనము 'మాట తప్పినవాడ'ని యెగతాళి చేయుదుము. ఆ యెగతాళియే అనేకులను తమ తప్పుడు అభిప్రాయమునకు కట్టివేయును. ఒప్పుకొన్నవానిని గౌరవించు సభలోనే ఒప్పుకొనువారుందురు.

మన ప్రాంతమునకు దగ్గరి ఉదాహరణము రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. ఆయన 1912 మొదలు 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. 1928లో అనంతపురమున వేమనను గూర్చి ఆయన చేసిన ఉపన్యాసములు గ్రంథరూపమున మనకు లభించుచున్నవి. వేమనను కవిగా లెక్కింపని పండితులొకవైపు, ఆయన పేర వినవచ్చిన ప్రతిపద్యమును పూజించువారొకవైపు ఉన్న విషయమది. శర్మగారు ఎవరిని వెక్కిరింపలేదు, ఎవరికిని వెరవలేదు. మెచ్చుటలోను మెచ్చకుండుటలోను మితి తప్పలేదు. సంస్కృతము, తెలుగు, కన్నడము, సంగీతము కలిసిన నగరములో దీర్ఘకాలము జీవించినవానికి ఎదుటివాడు వేరొక భాషలో, వేరొక సంప్రదాయములో ఆలోచించుచున్నాడను ఎరుక సహజముగా కలిగియుండును.

ఇక మన కాలమునకు వత్తము. గత శతాబ్దపు చివరి దశకమునను అటుపిమ్మటను అమెరికాలోని తెలుగువారు ఈ-మెయిలు లేఖలతో 'తెలుసా', 'రచ్చబండ' మొదలగు చర్చాగోష్ఠులను నడపుకొనిరి. కంప్యూటరులో తెలుగులిపి సులభముగా దొరకని నాళ్లలో రోమను అక్షరములతో తెలుగును వ్రాసికొనుచు ఛందస్సును, వ్యాకరణమును, కథలను చర్చించిరి. రచ్చబండ యను పేరు ఊరి నడుమ చెట్టుక్రింది అరుగును తలపించును. కాని ఒక భేదము కలదు. ఊరి రచ్చబండపై ఎదుటివాని ముఖము కనబడును. వాని కనుబొమ ముడివడగానే మన మాట తగ్గును. లేఖలో ముఖము లేదు. ఒకనికి వ్రాసినది వందలమందికి చేరును. కావున 1913 నాటి దోషమే, మూడవవానిని చూచి మాటలాడుటయే, ఇచట నిత్యకృత్యమగును. యాహూ సంస్థ తన గోష్ఠుల పాతలేఖల నిల్వను 2019 డిసెంబరులో తొలగించి, 2020 డిసెంబరులో ఆ సేవను పూర్తిగా నిలిపివేసినది. ఎవరైన దాచుకొన్నవి తప్ప అచటి తెలుగు చర్చలనేకము మాసిపోయినవి. నేడు చేతిఫోనులందలి వాట్సాపు కూటములలో అదే కథ మరింత వేగముగా సాగుచున్నది.

ఇట్టి లేఖాచర్చలకు వేరు శాస్త్రమక్కరలేదు. పూర్వపక్షనియమమే చాలును. ఎదుటివాని లేఖలో దేనికి బదులు చెప్పుచున్నామో ఆ రెండు వాక్యములను చెక్కుచెదరక పైన నుంచి, క్రింద మన మాట వ్రాయవలెను. లేఖనంతయు మోసికొనిపోవుట చదువరికి భారము, మాటను కత్తిరించి అర్థము మార్చుట ద్రోహము. విషయము మారినపుడు శీర్షికను మార్చవలెను. ఒక్కనికే చెప్పవలసిన మందలింపును ఒక్కనికే వ్రాయవలెను. ఒకడు మనకు మాత్రమే వ్రాసినదానిని వాని అనుమతి లేక నలుగురిలో పెట్టరాదు. కోపముతో వ్రాసిన బదులును ఆ పూట పంపక మరునాడు చదివి చూచుకొనవలెను. ప్రశ్న వేసి సమాధానము పొందినవాడు, ఆ సమాధానమును అందరికిని తెలియజేసి కృతజ్ఞత చెప్పుట చర్చకు ముగింపు. ఇవి చిన్నసంగతులు. చెరువు కట్టలో చిన్న గండియు చిన్నసంగతియే.

మన జిల్లాలో ఈ విషయమునకు గల బరువును ఇపుడు చెప్పెదను. ఇచట వీథిలో కన్నడము, తమిళము, తెలుగు, ఉర్దూ కలిసి వినబడును. కైవారము తాతయ్యగారి తెలుగు తత్త్వములను కన్నడలిపిలో చదివి పాడుకొనువారు మనవారు. మన తెలుగులో 'ఉండాది', 'యాడ' వంటి రూపములును, కన్నడపు పలుకుబడులును సహజము. అల్పసంఖ్యాకభాషా పాఠశాలలో తెలుగు బోధించు నేను తరచుగా చూచుచున్నది ఇది : బాలుడో బాలికయో సభలో లేచి ఒక మంచి ప్రశ్న వేయగా, పెద్దలొకరు ప్రశ్నను వదలి అందలి ఉచ్చారణను దిద్దుదురు, ప్రక్కవారు నవ్వుదురు. దిద్దినవారు భాషకు సేవ చేసితిమనుకొందురు. ఆ బిడ్డ మరల తెలుగులో లేవడు. కన్నడములోనో ఆంగ్లములోనో మాటలాడును, లేక ఊరకుండును. ఆంధ్రదేశమున పదిమంది మూగవోయినను భాషకు వెలితి కనబడదు. ఇచట ఒక్కడు మూగవోయిన ఒక యింటిలో తెలుగు ఆగును. 'నవకంబళుడు' అన్నవాని కంబళులను లెక్కించువారు తర్కమును మాత్రమే చెరచిరి. 'ఉండాది' అన్నవానిని చూచి నవ్వువారు మాటలాడువానినే పోగొట్టుకొందురు.

ఉచ్చారణమును దిద్దవలదని నా భావము కాదు. దిద్దుటయే నా వృత్తి. కాని తరగతిలో దిద్దుట వేరు, చర్చలో దిద్దుట వేరు. చర్చలో ముందు ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. రూపసాధుత్వమును పిదప, వేరుగ, వానికి మాత్రమే చెప్పవచ్చును. అట్లు చెప్పునపుడు 'ఉండాది' రాయలసీమలోను మన జిల్లాలోను ప్రజల నోట బ్రతికియున్న రూపమనియు, పుస్తకమున 'ఉన్నది' యని వ్రాయుట వేరొక సంప్రదాయమనియు చెప్పిన, బిడ్డకు రెండును దక్కును. రామమూర్తిగారి జీవితమంతయు చాటినది ఈ మాటనే. వాడుకభాషకై పోరాడినవారి పేరు జపించుచు వాడుకమాటను చూచి నవ్వుట మనకు తగదు.

పాఠశాలలో వాదపోటీలు పెట్టునపుడు మేమొక నియమమును పాటించుచున్నాము. బదులు చెప్పదలచిన విద్యార్థి, మొదట ఎదుటివాని వాదమును తన మాటలలో చెప్పవలెను. ఎదుటివాడు 'అవును, నేనన్నది అదియే' యని ఒప్పుకొన్న పిదపనే బదులు చెప్పవలెను. తొలుత పిల్లలకిది విసుగు. రెండుమూడు వారములలో వింత జరుగును: పూర్వపక్షమును సరిగా చెప్పబోయిన పిల్లలలో కొందరు బదులు చెప్పవలసిన అవసరమే లేదని కనుగొందురు. తగవు లేదు, మాట వినబడకపోవుటయే యున్నది. మన సంఘసభలలో పెద్దలును ఈ నియమమును పాటించినచో సభాకాలము కొంత పెరుగునేమో గాని సభ్యుల సంఖ్య తరుగదు. అధ్యక్షులు ప్రేక్షకుల చప్పట్లను వాదాంతమువరకు నిలిపియుంచుటయు, అసమ్మతిని నిర్ణయముతోపాటు పుస్తకమున వ్రాయించుటయు మేలు.

బంగారుగనుల ప్రక్కన పెరిగిన మనకు ఒక లెక్క తెలియును. టన్ను రాతిని పిండి చేసిన కొన్ని గ్రాముల బంగారము దొరకును. మిగిలినది దిబ్బగా పేరుకొనును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. సయనైడు దిబ్బలు ఇంకను నిలిచియున్నవి. నూరేండ్ల భాషావివాదమును తూచి చూచిన, దానిలోను బంగారము కలదు, దిబ్బయు కలదు. రామమూర్తిగారి ప్రమాణములు, అప్పారావుగారి అసమ్మతిపత్రము, వీరేశలింగముగారి కడపటి నిర్ణయము బంగారము. వెక్కిరింపు పేర్లు, ఆయుధముల పేర్లు దిబ్బ. నీటికి నాచు తెగులు, మాటకు మాట తెగులు అని మన సామెత. నాచును తొలగించుట ఒక్కనాటి పని కాదు. చెరువు వాడుకొను ప్రతివాడును దిగినపుడెల్ల కొంత తీసివేయవలసినదే. మన తెలుగు సభలలో ప్రతివక్తయు తన బదులునకు ముందు ఎదుటివాని మాటను ఒకమారు నిజాయితీతో చెప్పినచో, ఆ పని మొదలుపెట్టినట్లే.